వాటం

ఓదెలూ, మొదలు బూట్ల కింద చూసుకో.
అడుగున ఇరుకున్న కంకర రాయొక్కటి చాలు
ఏడాది పనిని చింపెతందుకు.

ఇది సోహార్. ఏడాదిల రెండు వానలు, ఒక్కోసారి అవి గూడ లేవు.
వానే లేని జాగల కప్పుకు పూతెందుకని నవ్వకు.
నేను గూడ నవ్విన, వచ్చిన కొత్తల.
ఇక్కడ కప్పును తినేది ఎండ.
పగలు ఉబ్బుతది, రాత్రి ముడుచుకుంటది,
ఉబ్బి ముడిచి, ఉబ్బి ముడిచి
ఒకనాడు వెంట్రుకంత పర్రె ఇస్తది.
నింద మాత్రం వాన నెత్తి మీద పడుతది.

పొద్దు పొడవకముందే మొదలువెట్టాలె.
పదకొండు దాటిందంటె డాంబరు షీటు
బూటు పట్టుకొని ఇడువది.
ముందుగాల మోరి చూడు. చెయ్యి పెట్టు, సిగ్గు పడకు.
జువైనా ముసలమ్మ ఇంటి మోరిల నాకు దొరికినయి
ఖర్జూరం గింజలు, పావురం ఈకలు,
ఆట లారీ చక్రమొకటి,
నిరుడు ఈదుకు కట్టిన లైట్ల తీగ ముక్క.
ఇంత దానికే ఆమె మంచం మీద నాలుగేండ్లు ఉరిసింది.

ఊర్ల మడి చదును చేసినోనివే గదా,
గా చెయ్యే పనికొస్తది, జరంత తిరగేసుకో.
అక్కడ నీళ్ళు నిలవాలె, ఇక్కడ నిలిస్తె తప్పు.
మీటరుకు వేలు మందం వాటం, మోరి దిక్కు.
గోడ కాడి మూలను నిటారుగ ఇడువకు,
సిమెంటుతోని ఒడి లెక్క గుండ్రంగ తియ్యి.
మొఫిజుల్ మంట పట్టుకుంటడు, నువ్వు షీటు దొర్లియ్యి.
అతుకు మీద అతుకు నాలుగు వేళ్ళు ఎక్కాలె.
అంచుకు నల్లగ సన్నటి చెమట పోస్తేనే అతికినట్టు.
పొయ్యకుంటె, ఎవలు చూడకున్నా, మళ్ళ కాల్చు.

ఇగ పరీక్ష.
మోరికి గుడ్డలు కుక్కి, బంగ్ల మీద రెండంగుళాల నీళ్ళు నింపి
రెండు రాత్రులు కావలి ఉండాలె.
జువైనా ఇంట్ల నేనే ఉన్న, ట్యాంకు పక్కపొంటి పండుకొని.
తెల్లారేసరికి పిట్టలు.
గోరింకలు, గువ్వలు, తోక ఊపేది ఒకటి, పేరు తెల్వదు.
ఏ పిట్ట ఏ పిట్టకు చెప్పిందో
మిద్దె మీద కుంట పుట్టిందని.

ముసలమ్మ మోకాళ్ళు పట్టుకొని
మెట్టు మెట్టుకు ఆగుకుంట ఎక్కింది.
పైకి రాక ఏడేండ్లాయెనట.
ఏసీలు లేనప్పుడు ఎండకాలమంత ఇక్కడనే,
దుప్పటి తడిపి కప్పుకొని పండుకునేటోళ్ళట.
చెప్పులు ఇడిచి, నీళ్ళల పాదాలు పెట్టి
ఇంకో దినం ఉంచరాదు అన్నది.
నాకొచ్చిన అరబీ ముప్పై మాటలు,
ఆమె అడిగింది వాటిల్లనే ఒదిగింది.

అంతల షాజీ ఫోను: ఏమాయె, పాసేనా?
కిందికి పోయి టార్చి కొట్టిన.
మంచం మీది కప్పుకు రూపాయి బిళ్ళంత తడి.
నా అతుకే. మొఫిజుల్ తప్పేం లేదు.
ఆ పొద్దు ఇంటికాడి నుంచి ఫోనొచ్చింది,
బిడ్డ బడి ఫీజు సంగతి,
మాట్లాడుకుంటనే దొర్లిచ్చిన. చెమట చూడలే.
రంగు పూస్తె ఏడాది దాకా ఎవలకు తెల్వకపోవు.
గొంతుల ఆ మాట ఉన్నది గూడ.
ఫెయిల్ అన్న.
షాజీ మలయాళంల తిట్టిండు, ఒక్క మాట పొల్లుపోకుంట సమజైంది.

గుడ్డ గుంజితె నీళ్ళన్ని గుటగుట దిగినయి.
పిట్టలు పిట్టగోడ మీద కూసొని చూసినయి.
అతుకు కోసి, కాల్చి, మళ్ళ నింపిన. మళ్ళ రెండు రాత్రులు.
నా జీతంల రెండు దినాలు కోసిండ్రు.
ముసలమ్మ రెండు పూటలా ఎక్కి వచ్చింది.

ఆఖరుకు మనుమనికి చెప్పిన:
డిష్షుకు మేకులు కొట్టద్దు,
చలికాలం ముందల మోరి చూడుండ్రి,
ఏసీ నీళ్ళు కప్పు మీద కార్చద్దు.
కడమాట ఇన్నదో ఏమో ముసలమ్మ
అందరు కలిసి తినే పెద్ద తాంబాళం తెచ్చి
ఏసీ పైపు కింద పెట్టింది.
నేను వంగి దాని కింద రబ్బరు ముక్కలు ఏసిన,
అంచు షీటును గీకకుంట.

గా బ్రష్షు ఇటియ్యి. ఎండెక్కుతున్నది.